ఫిట్స్ అనుకున్నది గుండె లయ దోషమేమో తేల్చుకునే పద్ధతి

పరుగు పందెంలోనో, చెరువులో ఈత కొడుతూనో, పక్కన టపాసు పేలినప్పుడో ఉన్నట్టుండి కుప్పకూలి, కాళ్లూ చేతులూ నాలుగుసార్లు కొట్టుకుని, అర నిమిషంలో లేచి కూర్చున్న పిల్లకు మన ఊళ్లలో ముందుగా పడే పేరు ఫిట్స్. ఆ పేరు మీదే ఏళ్ల తరబడి మూర్ఛ మందులు మింగుతూ, ఒక్కసారైనా ఈసీజీ తీయించుకోని పిల్లలు ఉన్నారు. గుండె కండరమూ కవాటాలూ చక్కగా ఉండి, ఎకో పరీక్షలో ఏ లోపమూ కనబడక, విద్యుత్ ప్రసారంలో మాత్రమే తేడా ఉండే వంశపారంపర్య లయ దోషాలు ఇలాగే మరుగున పడిపోతాయి. వాటిలో లాంగ్ క్యూటీ సిండ్రోమ్ (ప్రతి స్పందనకూ గుండె విద్యుత్‌పరంగా తిరిగి సిద్ధమవడానికి పట్టే, ఈసీజీలో క్యూటీ అని కొలిచే వ్యవధి సాగిపోవడం) సుమారు 2,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. దీన్ని అనుమానించడం దగ్గర నుంచి నిర్ధారించుకోవడం వరకు ఏది ముందు, ఏది వెనుక అన్నది కుటుంబాలకు తెలిసి ఉండాలి.

పరీక్ష మొదలయ్యేది పడిపోయినప్పుడు పక్కనున్నవాళ్ల మాటతో. తల్లి అక్కడ లేకపోతే పీఈటీ మాస్టారునో, తోటి పిల్లలనో అదే రోజు అడిగి, చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసి పెట్టుకోండి. నెల తిరిగేసరికి ఆ జ్ఞాపకం మారిపోతుంది. ముఖం ఒక్కసారిగా పాలిపోయి, నరికిన చెట్టులా పడి, తెలివి వచ్చిన వెంటనే మనుషులను గుర్తుపట్టి మాట్లాడితే గుండెను అనుమానించాలి. నిమిషాల తరబడి కొట్టుకోవడం, నాలుకను పక్క అంచున కొరుక్కోవడం, లేచాక చాలాసేపు మగతగా అయోమయంగా ఉండటం మూర్ఛను సూచిస్తాయి. ఎండలో ప్రార్థనకు నిలబడి, చెమటలు పట్టి, కళ్లు బైర్లు కమ్మి మెల్లగా ఒరిగిపోయిన పిల్లది చాలావరకు మామూలు సొమ్మసిల్లడమే. మెదడుకు రక్తం అందకపోయినా కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, మూత్రమూ పోవచ్చు. కాబట్టి ఆ రెండింటిని బట్టి మూర్ఛ అని తేల్చకూడదు.

పడిపోయే ముందు ఏం చేస్తున్నాడన్నది అంతకంటే విలువైన సమాచారం. లాంగ్ క్యూటీ మొదటి రకంలో శ్రమ, ముఖ్యంగా ఈత, ప్రమాదాన్ని తెస్తుంది. రెండో రకంలో అలారం, ఫోను మోత వంటి ఆకస్మిక శబ్దాలు కారణమవుతాయి. ఈ రకం ఉన్న స్త్రీలకు కాన్పు తర్వాతి నెలల్లో ముప్పు పెరుగుతుంది. మూడో రకంలో నిద్రలోనో విశ్రాంతిలోనో జరుగుతుంది. పరుగులోనో, తీవ్రమైన భయంలోనో, కోపంలోనో పడిపోయే పిల్లల్లో సీపీవీటీ అనే మరో వంశపారంపర్య లయ దోషాన్ని కూడా తలచుకోవాలి. జ్వరంలోనో, రాత్రి నిద్రలోనో ప్రమాదం వచ్చిన మగవారిలో 1992లో బ్రుగాడా సోదరులు వివరించిన, వారి పేరుతోనే పిలిచే లయ దోషం గుర్తుకు రావాలి.

తర్వాత మూడు తరాల వంశవృక్షం గీయండి. గుండె జబ్బు ఎవరికైనా ఉందా అని అడిగితే లేదనే జవాబు వస్తుంది, ఎందుకంటే ఇంట్లో ఆ మరణాలకు వేరే పేర్లు ఉంటాయి. బాగా ఈత వచ్చిన పెదనాన్న బావిలో మునిగిపోతే జాతకంలో నీటి గండం అన్నారు. పెళ్లైన ఏడాదికే నిద్రలో పోయిన మేనమామకు గాలి సోకిందన్నారు. పొత్తిళ్లలోనే పోయిన పసిబిడ్డ సంగతి ఎవరూ ఎత్తరు. అందుకని, నలభై ఏళ్ల లోపు హఠాత్తుగా పోయినవారు, నీళ్లలో పోయినవారు, నిద్రలో పోయినవారు, ఫిట్స్ ఉన్నవారు, పుట్టు చెవుడు ఉన్నవారు ఎవరెవరని విడివిడిగా అడగాలి. ఇంటి పెద్దమ్మమ్మ దగ్గర గంట కూర్చుంటే దొరికే ఈ సమాచారం ఏ స్కానింగ్‌లోనూ దొరకదు.

ఇక ఈసీజీ. పన్నెండు లీడ్ల ఈసీజీ, అంటే గుండెను పన్నెండు వైపుల నుంచి చూసేది, చిన్న పట్టణాల్లోనూ దొరుకుతుంది. యంత్రం పైన ముద్రించే క్యూటీసీ (గుండె వేగానికి సరిదిద్దిన క్యూటీ) అంకెను గుడ్డిగా నమ్మకుండా, డాక్టరు చేత్తో కొలవాలి. ఆ కొలత ఎలా జరుగుతుందో మీకూ తెలిస్తే అడగగలుగుతారు. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడిచినప్పుడు ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు. రెండో లీడ్‌లో గానీ వీ5లో గానీ క్యూ అల మొదలైన చోటు నుంచి టీ అల ముగిసే చోటు వరకు గడులు లెక్కించాలి. టీ అల దిగే వైపున, అది అత్యంత నిటారుగా ఉన్న చోట స్కేలు ఆనించి గీత గీస్తే, ఆ గీత అడుగు రేఖను తాకే బిందువే ముగింపు. దాని వెనుక వచ్చే చిన్న యూ అలను కలపకూడదు. గుండె వేగాన్ని బట్టి క్యూటీ మారుతుంది కాబట్టి, 1920లో బాజెట్ ఇచ్చిన సూత్రం ప్రకారం, దాన్ని రెండు ఆర్ అలల మధ్య వ్యవధి వర్గమూలంతో భాగించాలి. ఉదాహరణకు క్యూటీ 11 గడులు, అంటే 440 మిల్లీసెకన్లు. ఆర్‌ల మధ్య 20 గడులు, అంటే 0.8 సెకను. 0.8 వర్గమూలం 0.894. క్యూటీసీ 492 వస్తుంది. ఇదే 440, గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకునే మనిషిలో అయితే 440గానే నిలుస్తుంది, అది మామూలే. పిల్ల ఏడుస్తూ గుండె దడదడలాడుతున్నప్పుడు ఈ సూత్రం ఎక్కువ చేసి చూపిస్తుంది. ఊరుకోబెట్టి మళ్లీ తీయాలి.

క్యూటీసీ మగవారిలో 450 మిల్లీసెకన్లు, ఆడవారిలో 460 దాటితే పెరిగినట్టు లెక్క. వేరే కారణమేదీ లేకుండా, పదే పదే తీసిన ఈసీజీల్లో 480 లేదా అంతకు మించి వస్తే, లక్షణాలు లేకున్నా లాంగ్ క్యూటీగా నిర్ధారిస్తారు. కారణం తెలియకుండా స్పృహ తప్పిన చరిత్ర ఉంటే 460 నుంచే ఆ నిర్ధారణను ఆలోచిస్తారు. 500 దాటినవారికి ముప్పు ఎక్కువ.

వేరే కారణం లేదని తేల్చడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. రక్తంలో పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం చూడాలి. గత వారంలో వాడిన ప్రతి మాత్ర పట్టీనీ సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టండి. అజిత్రోమైసిన్, వాంతులకు వాడే డాంపెరిడోన్, ఆన్‌డాన్‌సెట్రాన్, ఫ్లుకోనజోల్ వంటివి క్యూటీని పొడిగిస్తాయి. వీటిలో కొన్నింటిని మన దగ్గర చీటీ లేకుండానే ఇచ్చేస్తారు. నిర్ధారణ జరిగినవారు క్రెడిబుల్‌మెడ్స్ వెబ్‌సైట్‌లోని, క్యూటీని పొడిగించే మందుల జాబితాను ఫోనులో ఉంచుకుని, కొత్త మందు రాసినప్పుడల్లా చూపించడం తప్పనిసరి.

ఒక్క ఈసీజీ మామూలుగా వచ్చిందని ఇంటికి వచ్చేయకండి. లాంగ్ క్యూటీ జన్యువు ఉన్నవారిలో సుమారు నాలుగో వంతు మందికి విశ్రాంతిలో తీసిన ఈసీజీ మామూలుగానే ఉంటుంది. పడుకున్న మనిషి చటుక్కున లేచి నిలబడగానే మళ్లీ తీయడం, ట్రెడ్‌మిల్ పరీక్షలో నడక ఆపిన నాలుగో నిమిషంలో క్యూటీసీ కొలవడం దాగిన దోషాన్ని బయటపెడతాయి. సీపీవీటీలో విశ్రాంతి ఈసీజీ నిర్దోషంగా ఉండి, ట్రెడ్‌మిల్ మీద వేగం పెరిగేకొద్దీ తప్పు స్పందనలు వరుసకడతాయి కాబట్టి, శ్రమలో పడిపోయిన పిల్లకు ఆ పరీక్ష చేయకుండా ఫైలు మూసేయడం అన్యాయం. అయితే అది అత్యవసర సదుపాయాలు దగ్గర పెట్టుకుని గుండె డాక్టరు సమక్షంలోనే జరగాలి. బ్రుగాడాను అనుమానిస్తే వీ1, వీ2 లీడ్లను మామూలు చోటు కంటే పైకి, రెండో, మూడో పక్కటెముకల సందుల్లో అంటించి తీయమని, జ్వరం వచ్చినప్పుడు మరోసారి తీయమని అడగండి.

జన్యు పరీక్ష వీటన్నిటి తర్వాతి మెట్టు. ముందే దానికి పరుగెత్తడం డబ్బు దండగే కాక, కొత్త గందరగోళాన్ని తెస్తుంది. లాంగ్ క్యూటీలో ప్రధానమైనవి కేసీఎన్‌క్యూ1, కేసీఎన్‌హెచ్2, ఎస్‌సీఎన్5ఏ జన్యువులు. రిపోర్టులో వ్యాధికారకమని స్పష్టంగా ఉన్న మార్పుకే విలువ. ప్రాముఖ్యత తేలని మార్పు అని ఉంటే దాని ఆధారంగా ఎవరికీ రోగముద్ర వేయకూడదు, లేదని భరోసా కూడా ఇవ్వకూడదు. జన్యువులో ఏమీ దొరకకపోయినా ఈసీజీ ద్వారా జరిగిన నిర్ధారణ చెల్లుతుంది. రిపోర్టు చదివించుకోవడానికి హైదరాబాద్ నిమ్స్‌లో ఉన్నటువంటి వైద్య జన్యుశాస్త్ర విభాగానికి వెళ్లడం మేలు. వ్యాధికారకమైన మార్పు దొరికితే తల్లిదండ్రులను, తోబుట్టువులను, పిల్లలను అదే మార్పు కోసం పరీక్షించాలి. సాధారణ రకంలో ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉంటుంది. ఇంట్లో యువకుడు హఠాత్తుగా పోయినప్పుడు పోస్టుమార్టం వద్దనుకోవడం సహజమే గానీ, ఆ దుఃఖంలోనూ ఈడీటీఏ గొట్టంలో (రక్తం గడ్డకట్టకుండా ఉంచే గొట్టం) జన్యు పరీక్ష కోసం కాస్త రక్తం భద్రపరచమని కోరగలిగితే, మిగిలినవారి ప్రాణాలకు అదే ఆధారం కావచ్చు.

మేనరికాలు ఉన్న మన కుటుంబాలు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన రకం ఒకటి ఉంది. 1957లో నార్వేలో జెర్వెల్, లాంగే-నీల్సన్ అనే వైద్యులు, ఆరుగురు పిల్లల్లో నలుగురు పుట్టు చెవిటివారై, స్పృహ తప్పి పడిపోతూ ఉన్న కుటుంబాన్ని వర్ణించారు; వారిలో ముగ్గురు హఠాత్తుగా చనిపోయారు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందినప్పుడు చెవుడూ లాంగ్ క్యూటీ కలిసి వస్తాయి. ప్రతి కాన్పులోనూ అవకాశం నాలుగింట ఒకటి. ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కు బిడ్డను తీసుకువెళ్తుంటే, ఈసీజీలో క్యూటీసీని చేత్తో కొలిచారా అని మత్తు డాక్టరును ముందే అడగండి. పెరిగి ఉంటే గుండె డాక్టరు సలహాతో బీటా బ్లాకర్ (గుండె ఉద్రేకాన్ని తగ్గించే మందు) మొదలయ్యేదాకా ఆపరేషన్ వాయిదా వేయించండి. తర్వాత వాంతులకు ఆన్‌డాన్‌సెట్రాన్ ఇవ్వవద్దని కేసుషీటు మీద రాయించండి. బిడ్డకు మొదటిసారి శబ్దం వినిపించడానికి యంత్రాన్ని ఆన్ చేసే రోజున కూడా ఈసీజీ మానిటర్ తగిలించి ఉంచమని కోరండి.