బోటు డీజిల్ హీటరు – నాలుగో పాఠం: 12.6 వోల్టుల భ్రమ

ఈ పాఠంలో ఇంధనపు గొట్టాల గురించీ పంపు అమరిక గురించీ చెప్పాలనుకున్నాను. గత పాఠం చదివి హీటరు మీద చేయి వేసిన ముగ్గురు రాసిన ఉత్తరాలు చూశాక ఆ పని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. వారిలో ఇద్దరు ఇంగ్లండు కాలువల మీద నారోబోట్లలో (సన్నగా పొడవుగా ఉండే కాలువ బోట్లు) ఉంటున్నారు, ఒకరిది క్యాంపర్ వ్యాను. ముగ్గురూ దాదాపు ఒకే వాక్యం రాశారు: "వోల్టేజీ చూశాం, 12.6 ఉంది, కాబట్టి లోపం కరెంటుది కాదు." 12.6 అంటే 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉన్నట్టే లెక్క, కానీ ఆ "కాబట్టి" దగ్గరే దారి తప్పారు. ఒకరు కొత్త గ్లో ప్లగ్ (కరెంటుతో ఎర్రగా కాలి డీజిలును అంటించే పిన్ను) కొని బిగించారు, ఇంకొకరు పంపు మార్చారు, మూడోవారు హీటరునే ఊడదీసి బల్ల మీద పరిచారు. హీటరు మాత్రం ముగ్గురికీ వెలగలేదు.

ఈ తప్పులో నాకూ వాటా ఉంది. "వోల్టేజీ సరిచూసుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను కానీ, ఎక్కడ కొలవాలో, ముఖ్యంగా ఎప్పుడు కొలవాలో చెప్పలేదు. ఈ పాఠమంతా ఆ లోటు పూడ్చడానికే. ఫ్యూజు చూసుకోవడం, స్విచ్చి చూసుకోవడం వంటివి ఎలాగో ఇక్కడ రాయను. అవి మీకు తెలిసినవే.

హీటరు వెలిగే క్రమాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. స్విచ్చి వేయగానే ఫ్యాను నెమ్మదిగా తిరగడం మొదలవుతుంది. ఆ వెంటనే గ్లో ప్లగ్ ఎర్రగా కాలడం మొదలుపెడుతుంది. సుమారు ఒక నిమిషంలోపు పంపు టిక్కు టిక్కుమంటూ చుక్క చుక్కగా డీజిలును మంటగదిలోకి పంపుతుంది. మంట అంటుకున్నట్టు సెన్సరు గుర్తిస్తే గ్లో ప్లగ్ ఆగిపోయి, ఫ్యాను, పంపు రెండూ వేగం పుంజుకుంటాయి. గుర్తించకపోతే కంట్రోలరు తనంతట తానే రెండోసారి ప్రయత్నించి, అదీ విఫలమైతే లోపం సంఖ్య చూపి ఆగిపోతుంది. ఎబర్‌స్పాచర్ ఎయిర్‌ట్రానిక్ హీటర్లలో ఆ సంఖ్య 52. మిగతా తయారీదారుల సంఖ్యలు వేరుగా ఉంటాయి కనుక మీ హీటరు పుస్తకం చూసుకోండి.

ఈ మొత్తం క్రమంలో బ్యాటరీని నిజంగా పిండేది గ్లో ప్లగ్ కాలే కాలమే. 12 వోల్టుల చిన్న హీటరు ఆ ఒకటి రెండు నిమిషాలు 8 నుంచి 10 ఆంపియర్ల దాకా లాగుతుంది. మంట నిలబడ్డాక నెమ్మది వేగంలో ఒకటి రెండు ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. ఇక, హీటరు లోపం చూపి ఆగిపోయాక అది లాగేది దాదాపు సున్నా. మీరు ముగ్గురూ మీటరు పెట్టింది సరిగ్గా ఈ సున్నా సమయంలో!

డాబా మీద ట్యాంకు నిండుగా ఉండి, కిందికి వచ్చే పైపులో ఒకచోట పాచి పట్టి సగం మూసుకుపోయిందనుకోండి. నల్లా కట్టేసి ఉన్నంతసేపు పైపులో ఒత్తిడి ఎక్కడ చూసినా పూర్తిగానే ఉంటుంది, ఎందుకంటే నీళ్లు కదలడం లేదు. నల్లా తిప్పిన తర్వాతే సన్నటి ధార చూసి అడ్డు సంగతి తెలుస్తుంది. వైరులోనూ ఇదే జరుగుతుంది: కరెంటు పారనప్పుడు చిలుము పట్టిన టెర్మినల్ కూడా మీటరుకు కొత్తదానిలాగే కనిపిస్తుంది. పొలంలో బోరు మోటారు నడిపినవారికి ఈ విషయం ఇంకా తేలికగా అర్థమవుతుంది. స్టార్టరు బాక్సు మీది మీటరు మంచి వోల్టేజీ చూపిస్తుంది, బటను నొక్కగానే ముల్లు కిందికి పడిపోయి మోటారు ఎత్తుకోకుండా మూలుగుతుంది. అక్కడ బటను నొక్కక ముందు చూసిన అంకెను ఎవరూ నమ్మరు. బోటు దగ్గరకు వచ్చేసరికి అదే మనిషి ఆ అంకెను ఎందుకు నమ్ముతాడో నాకు ఎన్నటికీ అర్థం కాదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఉత్తరం రాసినవారిలో ఒకరిది 57 అడుగుల నారోబోటు. బ్యాటరీలు వెనుక ఇంజను పక్కన, హీటరు ముందు మెట్ల కింద, మధ్య వైరు దారి 14 మీటర్లు. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి మొత్తం 28 మీటర్లు. వేసిన వైరు 4 చదరపు మిల్లీమీటర్ల రాగిది, దాని నిరోధం మీటరుకు సుమారు 0.0044 ఓములు. 28 మీటర్లకు దాదాపు 0.12 ఓములు, 10 ఆంపియర్లు పారితే వైరులోనే 1.2 వోల్టులు ఆవిరి. డిసెంబరు తెల్లవారుజామున, రాత్రంతా దీపాలూ ఫ్రిజ్జూ వాడుకున్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.3 చూపిస్తుంది, బరువు పడగానే 12.0కు దిగుతుంది. అందులో 1.2 పోతే 10.8. పాత ఫ్యూజు హోల్డరు దగ్గర ఇంకో 0.4 పోతే హీటరుకు చేరేది 10.4. చాలా హీటర్ల కంట్రోలర్లు సుమారు 10.5 దగ్గర తక్కువ వోల్టేజీ అని తీర్మానిస్తాయి.

అయితే ఆయనకు తక్కువ వోల్టేజీ లోపం కాకుండా మంట అంటుకోలేదన్న లోపం ఎందుకు వచ్చింది? వోల్టేజీ హద్దు కింద కొంతసేపు నిలకడగా ఉంటేనే కంట్రోలరు ఆ లోపాన్ని నమోదు చేస్తుంది. హద్దుకు అటూ ఇటూ ఊగుతూ ఉంటే దానికి పట్టదు, కానీ గ్లో ప్లగ్ మాత్రం డీజిలును ఆవిరి చేసేటంత ఎర్రగా కాలదు. డీజిలు తడిగా అలాగే మిగిలిపోతుంది, మంట పుట్టదు, నింద ఇంధనం మీద పడుతుంది. పంపు కొత్తది కొన్నది ఈయనే.

ఇలాంటి చోట నేను వాడే దగ్గరిదారి ఒకటుంది. మీటరు తీయకముందే ఇంజను వేసి, ఆల్టర్నేటరు (ఇంజనుతో తిరిగి బ్యాటరీని ఛార్జి చేసేది) వోల్టేజీని 14 పైకి తెచ్చాక హీటరు స్విచ్చి వేస్తాను. ఇంజను నడుస్తుంటే వెలిగి, ఆపితే వెలగని హీటరు విషయంలో డీజిలునూ పంపునూ అనుమానించడం అనవసరం. ఈయన లెక్కలోనే చూడండి: 14.2లోంచి 1.6 పోయినా 12.6 మిగులుతుంది, అది హాయిగా వెలిగే వోల్టేజీ. ఈ పద్ధతి పుస్తకాల్లో ఉండదు, పూర్తి రుజువూ కాదు, కానీ సగం అనుమానాలను ఐదు నిమిషాల్లో తీసేస్తుంది.

నా ఇంకో అలవాటు, ముందు బయటికి వెళ్లి పొగగొట్టం చివర చూడటం. పంపు టిక్కుమంటున్నా పొగ అసలు రాకపోతే డీజిలు మంటగదికి చేరడం లేదు. తెల్లటి పొగ దట్టంగా వస్తూ వేడి లేకపోతే డీజిలు చేరుతోంది, దాన్ని అంటించే శక్తి చాలడం లేదు. ఈ పాఠం రెండో రకం వారి కోసం.

కొలిచే తీరు ఇది. మల్టీమీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఎర్ర తీగ మొనను బ్యాటరీ పాజిటివ్ దిమ్మకు, నల్ల తీగ మొనను హీటరు ప్లగ్గులోని పాజిటివ్ పిన్నుకు వెనుక వైపు నుంచి ఆనించండి. ప్లగ్గు ఊడదీయకండి, ఊడదీస్తే కరెంటే పారదు. దూరం ఎక్కువైతే మీటరు తీగకు ఒక పొడవాటి సన్నని వైరు కలుపుకోవచ్చు. మీటరు గుండా పారే కరెంటు అత్యల్పం కాబట్టి దానివల్ల అంకె మారదు. ఇప్పుడు ఇంకొకరిని స్విచ్చి వేయమని, గ్లో ప్లగ్ కాలే నిమిషంలో అంకె చదవండి. అది పాజిటివ్ వైపు దారిలో పోగొట్టుకుంటున్న వోల్టేజీ. అదే పనిని నెగటివ్ వైపు బ్యాటరీ దిమ్మకు, హీటరు నెగటివ్ పిన్నుకు మధ్య చేయండి. రెండూ కలిపి అర వోల్టు దాటితే నేను ఊరుకోను.

నెగటివ్ వైపును అందరూ వదిలేస్తారు. రెండో బోటాయన హీటరు బ్యాటరీకి రెండే మీటర్ల దూరంలో ఉంది, వైరు మందమైనదే, పాజిటివ్ వైపు నష్టం 0.1 మాత్రమే. నెగటివ్ తీగలన్నీ చేరే బస్‌బారు మీద ఒక లగ్గు (తీగ చివర బిగించే లోహపు కొస) కింద పచ్చటి చిలుము పట్టి ఉంది. ఆ ఒక్క చోట 0.9 పోతోంది. గరుకు కాగితంతో రుద్ది, లగ్గు మార్చి, బిగించిన రోజే హీటరు వెలిగింది. వ్యానువారి సంగతి మూడోరకం: వైర్లన్నీ బాగున్నాయి, బ్యాటరీయే ముసలిది. ఊరికే ఉంటే 12.6, పది ఆంపియర్లు లాగితే 11కు జారుతోంది. దానికి చేసేదేమీ లేదు, మార్చాలి.

మొదటాయన విషయంలో మార్చవలసింది వైరు. 10 చదరపు మిల్లీమీటర్లదైతే అదే 28 మీటర్లలో నష్టం సుమారు అర వోల్టుకు దిగుతుంది, 16దైతే 0.3కు. ధర ఎక్కువైనా నేను 16 వేస్తాను. గోడల పలకలు విప్పి వైరు లాగే శ్రమ ఒకసారి చాలు.

గ్లో ప్లగ్ గురించి ఒక హెచ్చరిక. పని చేస్తోందో లేదో చూద్దామని దాన్ని బయటికి తీసి నేరుగా బ్యాటరీకి తగిలించకండి. చాలా హీటర్లలో కంట్రోలరు దానికి పూర్తి 12 వోల్టులు ఎడతెగకుండా ఇవ్వదు, నేరుగా ఇస్తే పిన్ను పాడైపోవచ్చు. అలాగే, హీటరు రెండు ప్రయత్నాల్లో వెలగకపోతే పదే పదే స్విచ్చి వేయకండి. ప్రతి ప్రయత్నంలోనూ కాలని డీజిలు మంటగదిలో చేరుతుంది, చివరికి అంటుకున్న రోజు అదంతా ఒక్కసారి మండుతుంది. వెలిగిన హీటరును ఆపేటప్పుడు బ్యాటరీ మెయిన్ స్విచ్చితో ఆపడం కూడా ఇలాంటి తప్పే, చల్లబడేదాకా ఫ్యాను తిరగనివ్వాలి.

పొగగొట్టం అతుకుల దగ్గర మసి మరక కనిపిస్తే ముందు ఆ పని చూడండి, మిగతావన్నీ తర్వాత. మసి ఉందంటే అక్కడ పొగ కారుతోందన్నమాట, అందులోని విషవాయువు కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. బ్రిటన్‌లో పడుకునే గది ఉన్న బోట్లకు ఆ వాయువును పసిగట్టే అలారం ఉండాలని 2019 ఏప్రిల్ నుంచి బోట్ సేఫ్టీ స్కీమ్ నిబంధనల్లో ఉంది.

ఇంధనం సంగతి వచ్చే పాఠానికి వదిలినా ఒకటి చెప్పాలి. చాలా బోట్లలో హీటరుకు డీజిలు తీసే గొట్టం ట్యాంకు అడుగు దాకా పోదు. ఇంజనుకు కొంత మిగలాలని పైనే ఆపుతారు. కాబట్టి ట్యాంకులో డీజిలు పావు వంతు ఉన్నా హీటరుకు గాలే అందవచ్చు. పొగ రాని రకం వారు ముందు ట్యాంకు నింపి చూడండి.

అభ్యాసం: మీ బోటులో బ్యాటరీ నుంచి హీటరు దాకా దారిలో ఉన్న ప్రతి అతుకునూ కాగితం మీద గీయండి. దిమ్మ, మెయిన్ స్విచ్చి, ఫ్యూజు రెండు వైపులా, బస్‌బారు, హీటరు ప్లగ్గు, ఏదీ వదలకూడదు. గ్లో ప్లగ్ కాలుతుండగా ఒక్కో అతుకుకు అటూ ఇటూ ఎంత పోతోందో కొలిచి దాని పక్కన రాయండి. ఇదంతా మూడుసార్లు చేయాలి: సాయంత్రం ఛార్జి నిండుగా ఉన్నప్పుడు, తెల్లవారుజామున ఇంజను వేయకముందు, తర్వాత ఇంజను నడుస్తుండగా. ప్రతి అంకెకూ హీటరు కొత్తగా వెలగాలి, మధ్యలో పూర్తిగా చల్లబడాలి, కాబట్టి రోజుకు నాలుగైదు అంకెల కంటే రావు. తీరిగ్గా రెండు వారాలు తీసుకోండి. తెల్లవారుజామున లేవడానికి బద్ధకించి ఆ వరుస ఖాళీగా వదిలిన కాగితం నాకు పంపకండి.