విశాఖ గడ్డినేలల్లో నీలి సీతాకోకచిలుకలను గుర్తించడం, వాటి నేలను కాపాడటం

విశాఖపట్నంలోని ఖాళీ లేఅవుట్లలోను, తొట్లకొండ మీది బయలులోను, మైదానాల అంచుల్లోను చీలమండ ఎత్తున ఎగిరే చిన్న నీలి సీతాకోకచిలుకలన్నీ ఒకే జాతివి కావు. వీటిలో ముఖ్యమైనవి గ్రాస్ బ్లూ అని పిలిచే నాలుగు జాతులు: పేల్, డార్క్, లెస్సర్, టైనీ. లైకెనిడే కుటుంబానికి చెందిన ఈ నాలుగింటిలో ఏదీ, రెక్కలు పూర్తిగా విప్పినా, సాధారణంగా మూడు సెంటీమీటర్లకు మించదు. అదే నేల మీద కనిపించే బ్లూ పాన్సీ నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్ల వరకు ఉంటుంది, దాని కుటుంబం నింఫాలిడే. ఇవి అంతరించిపోయే దశలో ఉన్నవి కావు, సాధారణ జాతులే. అయితే వీటి గొంగళిపురుగులు బతికే కలుపుమొక్కల నేలను మనం పనికిరాని జాగాగా లెక్కగడుతున్నాం కాబట్టి, ఆ నేల పోయిన పేటలో ఇవి కూడా కనిపించకుండా పోతాయి.

వీటిని చూడటానికి నైరుతి రుతుపవనాలు స్థిరపడి గడ్డి లేచిన తరువాత, అంటే జూలై నుంచి డిసెంబరు వరకు అనువైన కాలం. ఉదయం ఎండ పడిన తొలి గంటల్లో వెళ్లాలి. ఒంట్లో వేడి పుంజుకోవడం కోసం ఇవి ఆ సమయంలో రెక్కలు సగం విప్పి కూర్చుంటాయి గనుక పైవైపు రంగు అప్పుడే తీరికగా కనిపిస్తుంది. ఎండ ముదిరాక ఇవి ఒకచోట నిలవవు, వాటి వెంట నడిచి ప్రయోజనం లేదు. పులిచింతో గడ్డిచేమంతో ఉన్న చోటును ఎంచుకుని, నీడ పువ్వుల మీద పడకుండా నేల మీద కూర్చుంటే అవే దగ్గరకు వస్తాయి. వల అక్కరలేదు. ఇంత చిన్న రెక్కలు వేళ్ల మధ్య నలిగితే వాటి మీది పొడిలాంటి పొలుసులు రాలిపోతాయి, గుర్తింపుకు ఆధారమూ పోతుంది.

గుర్తింపులో కొత్తవారు నీలం రంగునే నమ్ముకుంటారు, కాని ఇక్కడ అది చాలదు. ఆ నీలం మగవాటికే ప్రస్ఫుటంగా ఉంటుంది, ఆడవి చాలావరకు గోధుమ రంగులో ఉంటాయి. పైగా అది పొలుసుల సూక్ష్మ నిర్మాణం మీద వెలుగు పడటం వల్ల పుట్టే రంగు కాబట్టి చూసే కోణాన్ని బట్టి మారుతుంది. అందువల్ల మూసిన రెక్కల అడుగువైపు చూడాలి, ఫొటో కూడా అటునుంచే తీయాలి. ముందు రెక్క అడుగుభాగంలో ఇంచుమించు మధ్యన చిన్న గీతలాంటి మచ్చ నాలుగింటికీ ఉంటుంది. ఆ గీతకూ ఒంటికీ మధ్యనున్న జాగాలో మరో చుక్క ఉంటే అది పేల్ గాని డార్క్ గాని అవుతుంది. లేకపోతే లెస్సర్ గాని టైనీ గాని అవుతుంది. పైవైపు చూస్తే పేల్ మగది వెండి కలిసినట్లున్న లేత నీలం, డార్క్ మగది ఊదా కలిసిన ముదురు నీలం. టైనీ మిగిలినవాటికంటే సన్నని రెక్కలతో ఉంటుంది, ముందు రెక్క అడుగుభాగపు ముందంచున దానికి చిన్న చుక్కలు కనిపిస్తాయి. వెనుక రెక్క చివర దారపు పోగులాంటి తోక ఉన్నట్లయితే అది గ్రాస్ బ్లూ కానే కాదు. ఇళ్ల ముందు సైకస్ మొక్కల చుట్టూ తిరిగే ప్లెయిన్స్ క్యూపిడ్ ఇలాగే చాలామందిని మోసగిస్తుంది.

బ్లూ పాన్సీ విషయంలో ఇంత శ్రమ ఉండదు. మగదాని వెనుక రెక్కలు మెరిసే నీలంగా, ముందు రెక్కల మొదలు నల్లగా ఉండి, రెక్కల మీద కళ్లలాంటి గుండ్రని మచ్చలు కనిపిస్తాయి. గడ్డి పలచబడిన గరుకు నేల మీద, కాలిబాట మధ్యలో రెక్కలు పరిచి కూర్చుని, లేపితే కొంత దూరం పోయి మళ్లీ అక్కడికే వస్తుంది.

ఇక కాపాడటం మొక్కలతో మొదలవుతుంది. పేల్ గ్రాస్ బ్లూ గొంగళిపురుగులకు పులిచింత ఆధారం. 2011 ఫుకుషిమా ప్రమాదం తరువాత జపాన్ శాస్త్రవేత్తలు రేడియేషన్ ప్రభావాన్ని ఈ సీతాకోకచిలుక మీద పరిశీలించగలిగారంటే, ఇళ్ల మధ్య పులిచింత ఉన్నచోటల్లా అది దొరకడం అందుకొక కారణం. డార్క్ జాతికి చిలకతోటకూర, పల్లేరు; లెస్సర్ జాతికి అత్తిపత్తి వంటి చిక్కుడు కుటుంబపు నేలమొక్కలు; బ్లూ పాన్సీకి ముళ్లగోరింట, నీరుగొబ్బి ఉన్న కుటుంబపు మొక్కలు కావాలి. గ్రాస్ బ్లూ గొంగళిపురుగు వీపు మీది గ్రంథి నుంచి వచ్చే తీపి ద్రవం కోసం చీమలు దాని చుట్టూ చేరతాయి, అందుచేత చీమలు మూగిన ఆకును చూసి మందు చల్లకండి.

మీ ఇంటి పక్క జాగానో కాలనీ పార్కు మూలనో ఇందుకు కేటాయించదలిస్తే, మొదట గడ్డిమందు కొట్టడం, ఎండుగడ్డికి నిప్పుపెట్టడం మానాలి. అంతమాత్రాన నేలను దాని మానానికి వదిలేయడమూ సరి కాదు. వదిలేస్తే వయ్యారిభామ, లంటానా, సర్కారు తుమ్మ కమ్ముకుని పొట్టి మొక్కలకు ఎండ తగలదు. బ్రిటన్‌లో లార్జ్ బ్లూ అనే సీతాకోకచిలుక 1979లో అంతరించింది సరిగ్గా ఇలాగే. పశువుల మేత తగ్గి, మిక్సోమటోసిస్ వ్యాధితో కుందేళ్లు చనిపోయి, గడ్డి ఏపుగా పెరిగి నేల చల్లబడింది. దాని గొంగళిపురుగును గూటిలో పెంచే ఎర్రచీమల జాతి ఆ చల్లదనానికి తట్టుకోలేకపోయింది. కారణం తెలిశాక గడ్డిని పొట్టిగా ఉంచి, స్వీడన్ నుంచి తెచ్చిన సంతతిని 1980లలో మళ్లీ ప్రవేశపెట్టారు. మన జాతులు ఒకే చీమ మీద ఆధారపడినవి కావు గాని, పొట్టి గడ్డి, తగినంత ఎండ వీటికీ అవసరమే. కాబట్టి జాగాను మూడు భాగాలు చేసి, ఒకసారి ఒక భాగాన్నే నాలుగైదు అంగుళాల ఎత్తు మిగిలేలా కొడవలితో కోసి, తరువాతి భాగానికి కొన్ని వారాలు ఆగడం మంచిది. కోయని భాగాల్లో గుడ్లు, ప్యూపాలు భద్రంగా ఉంటాయి. మధ్యలో కొంత మట్టి నేలను వదిలితే బ్లూ పాన్సీకి కూర్చునే చోటు దొరుకుతుంది. ఆవులు అప్పుడప్పుడు మేసిపోతుంటే అడ్డుకోనక్కరలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చెట్లను నేలకూల్చిన ఈ నగరంలో ఖాళీ కనబడితే మొక్క నాటాలన్న ఆరాటం సహజమే. అయినా సహజంగా గడ్డే పెరిగే కొండ బయళ్లలో గుంతలు తీసి చెట్లు పెంచడం ఈ జాతులకు మేలు చేయదని నా అభిప్రాయం. నాటాలనుకుంటే రోడ్ల పక్కన, ఇళ్ల ఆవరణల్లో కావలసినంత చోటుంది. కంబాలకొండ అభయారణ్యంలోనైతే అనుమతి లేకుండా మొక్కను గాని పురుగును గాని తీయకూడదు.

చూసిన ప్రతి జాతికి తేదీ, చోటు, అది వాలిన మొక్క, గడ్డి ఎత్తు రాసుకుని, అడుగువైపు ఫొటోతో, జీవజాతుల పరిశీలనలను నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో చేర్చండి. ఏటా సెప్టెంబరులో దేశమంతటా బిగ్ బటర్‌ఫ్లై మంత్ అనే సీతాకోకచిలుకల లెక్కింపు జరుగుతుంది, అప్పుడు మీ జాగాలో లెక్క మొదలుపెడితే, మరుసటి ఏడాది అదే నెలలో, అదే వేళకు చూసిన సంఖ్యతో పోల్చి కోత పద్ధతిని మార్చుకోవచ్చు.