కెమెరా కన్ను, 6వ పాఠం: ఊపితే నిజమైపోదు

పోయిన పాఠం తర్వాత మీరు ఫోన్‌తో తీసి పంపిన పదిహేడు వీడియోలూ చూశాను. పదకొండింటిలో కెమెరా ఊగుతోంది. తప్పు నాదే. "స్టాండ్ లేకపోయినా ఫరవాలేదు, చేత్తో పట్టుకుని తీయండి" అని రాసి వదిలేశాను. మీలో చాలామందికి అది "ఊపండి" అన్నట్టు వినిపించింది. అందుకే ఎడిటింగ్ పాఠాన్ని వచ్చే విడతకు జరిపాను. వెలుతురు, ఫోకస్ మీకు వచ్చేశాయి, వాటి గురించి మళ్ళీ చెప్పను.

పర్లాకిమిడి నుంచి ఒకరు కొమ్ముపని, అంటే పశువుల కొమ్ములతో వస్తువులు చేసే పని, చేసే పెద్దాయన్ని తీశారు. ఆయన కదలకుండా కూర్చుని కొమ్మును ఆకురాయితో అరగదీస్తున్నాడు. ఫోన్ మాత్రం ఆగలేదు. ఎందుకని అడిగితే "డాక్యుమెంటరీలా ఉండాలని మాస్టారూ" అన్నారు. ఈ మాటే నన్ను బాధపెట్టింది. దీని సంగతి తేల్చాకే ముందుకు వెళ్దాం.

డాక్యుమెంటరీల్లో ఈ ఊపు చాలావరకు యుద్ధచిత్రాల నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 జూన్‌లో, పసిఫిక్ సముద్రంలోని మిడ్వే దీవి మీద జపాన్ విమానాలు బాంబులు వేస్తుంటే హాలీవుడ్ దర్శకుడు జాన్ ఫోర్డ్ అక్కడే ఉండి తీశాడు, గాయపడ్డాడు కూడా. బాంబు పేలిన అదురుకి కెమెరాలో ఫిల్మ్ జారి బొమ్మ ఎగిరిపడింది. ఆ ముక్కల్ని తీసేయకుండా సినిమాలో ఉంచారు. ఇక్కడ ఊపుకి కారణం బాంబు.

ఇటలీలో ఒక ఊరి కోసం జరిగిన పోరాటం మీద జాన్ హ్యూస్టన్ తీసిన, 1945లో విడుదలైన డాక్యుమెంటరీ 'శాన్ పియెత్రో' చూడండి. అందులోనూ బొమ్మ అదురుతుంది. కానీ ఆ పోరాట దృశ్యాల్లో చాలావాటిని ఆ ఊరి పోరు ముగిశాక సైనికుల చేత మళ్ళీ చేయించి తీశారు. చూసేవాళ్ళకి రెండు ఊపులూ ఒకటే. తర్వాత కథాచిత్రాలు కూడా ఆ పద్ధతి పట్టాయి. 1998లో 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' కోసం కెమెరాను చేత్తో పట్టుకోవడమే కాదు, బొమ్మ తునకలు తునకలుగా కనిపించాలని ఫిల్మ్ మీద వెలుతురు పడే సమయాన్ని నిర్ణయించే షట్టర్‌ను కూడా బాగా సన్నం చేశారు.

ఇప్పుడు వెనక్కి, 1916కి రండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధాన్ని బ్రిటిష్ కెమెరామెన్ మాలిన్స్, మెక్‌డోవెల్ చేత్తో తిప్పే కెమెరాలతో, స్టాండు మీద పెట్టి తీశారు. జూలై 1 పొద్దున 7:20కి హాథోర్న్ గుట్ట కింద మందుపాతర పేలింది. మాలిన్స్ దాన్ని దూరం నుంచి తీశాడు. మట్టి లేస్తుంది, కెమెరా స్థిరంగానే ఉంటుంది. అది నిజం. అదే సినిమాలో సైనికులు కందకం ఎక్కి పరిగెత్తే దృశ్యం ఉంది, కొందరు పడిపోతారు. అదీ స్థిరంగానే ఉంటుంది. కానీ దాన్ని తర్వాత శిక్షణ స్థలంలో చేయించి తీశారని చరిత్రకారుల మాట. అనుమానం ఎక్కడ మొదలవుతుందంటే, గుళ్ళు దూసుకొస్తున్నప్పుడు అంత దగ్గర, అంత తీరిగ్గా కెమెరా ఎలా నిలబడింది?

అడగాల్సిన ప్రశ్న ఇదే. కెమెరా ఊగిందా లేదా అన్నది పక్కన పెట్టండి. ఎక్కడ నిలబడింది? అక్కడ నిలబడనిచ్చింది ఎవరు?

కొమ్ముపని వీడియోనే తీసుకోండి. పెద్దాయన మొహం మీద వెలుగు పడుతోంది. అంటే గుమ్మం దగ్గర ఆయనకి ఎదురుగా నిలబడ్డారు. ఆయన మీకోసం ఇటు తిరిగి కూర్చున్నాడు. అది అబద్ధం కాదు. కానీ "ఆయన మమ్మల్ని గమనించలేదు" అని కింద రాశారే, అదే అబద్ధం.

మీలో ఒకరిది మాత్రం నేను మూడుసార్లు చూశాను. రాత్రి మహేంద్రగిరి వైపు ఊళ్ళో ఏనుగులు చేలో పడ్డాయి. తీస్తున్న పిల్లాడు పరిగెత్తాడు, బొమ్మంతా చీకటి, వాళ్ళ నాన్న కేకలు. ఏనుగు ఒక్కటీ కనిపించదు. ఆ ఊపులో ఒక్క క్షణం కూడా కత్తిరించకండి. తెల్లారాక తొక్కిన చేనును కదలకుండా తీసి, దాని పక్కన పెట్టండి.

నేనైతే చిన్న గుడ్డ సంచిలో బియ్యం పోసి దాని మీద ఫోన్ పెడతాను. సంగీతం వేయను, మీరూ వేయకండి.

అభ్యాసం: పాతకాలపు ఐమో యుద్ధ కెమెరాలో వంద అడుగుల ఫిల్మ్ పట్టేది, అంటే ఒక నిమిషం కంటే కాస్త ఎక్కువ సేపు. మీకూ అంతే. పని చేసుకునే ఒక మనిషిని, ఆయన అనుమతితో, అయిదు చోట్ల నుంచి అయిదు షాట్లు తీయండి. ఒక్కోటి 66 సెకన్లు, ఫోన్ కదలకూడదు. ప్రతిసారీ అక్కడే నిలబడి ఫోన్ వెనక్కి తిప్పి, మీ వెనక ఉన్నదాన్ని కూడా 66 సెకన్లు తీయండి. మొత్తం పది ఉండాలి. తొమ్మిది పంపితే నేను చూడను.