పాత తలుపులు, పాత కలప ఇంటికి తెచ్చే ముందు

ముందు కొలతలు. తలుపు పెట్టే చోట వెడల్పును పైన, మధ్యలో, కింద కొలిచి రాసుకోండి. పాత గోడల్లో మూడూ ఒకేలా ఉండవు. కొనేటప్పుడు దర్వాజాకు మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పెట్టండి. రెండు కొలతలూ కలవకపోతే మూలమట్టం తప్పినట్టే.

కలప దగ్గర అస్సలు తొందరపడొద్దు. గోడలో ఉండిన వైపు, నేలకు ఆనిన అడుగు భాగం స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే చెదో, కుళ్లో. సన్నని రంధ్రాల నుంచి పిండిలాంటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉందనుకోవాలి. ఎంత చవకైనా వదిలేయండి, ఇంట్లోని మంచి కలపకూ పాకుతుంది. రంపం పెట్టే ముందు అయస్కాంతం ఒకసారి ఆడించండి. తల విరిగిన మేకులు కంటికి కనిపించవు, బ్లేడుకే తగులుతాయి.

పాత పెయింటులో సీసం ఉండొచ్చు. పొడిగా సాండ్‌పేపర్ రుద్దొద్దు, మంటతో కాల్చొద్దు. తడిపి గీకండి. మామూలు గుడ్డ మాస్క్ చాలదు, ఎన్95 రకమైనా కావాలి. పిల్లలు, గర్భిణులు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

ఇటుకలు రెండు తీసుకుని కొట్టండి, ఖంగుమనాలి. తెల్లగా ఉప్పు తేలినవి పక్కన పెట్టేయండి.

టైల్స్ కనీసం 10 శాతం ఎక్కువ తీసుకోండి. మళ్లీ అదే రకం దొరకడం కల్ల.

ఆస్‌బెస్టాస్ రేకులు ఊరికే ఇచ్చినా వద్దు. కోసినా, డ్రిల్ వేసినా వాటి పీచు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

వైర్లు, స్విచ్‌లు మాత్రం కొత్తవే. ఇక్కడ పొదుపు చేస్తే, నా లెక్కలో అది ఉత్త పిసినారితనం.