గేమ్ కన్సోల్‌లో సినిమా డిస్కులు చూడటం ఎలా

ద్వారకానగర్, డాబాగార్డెన్స్ దుకాణాల్లో టీవీలు గోడల నిండా కనిపిస్తాయి గానీ, ఒకప్పుడు వాటి పక్కనే ఉండే డిస్క్ ప్లేయర్లు అరుదైపోయాయి. బీరువాలో దాచుకున్న డీవీడీలు, బ్లూరేలు, పెళ్లి వీడియోలు మళ్లీ చూడాలనుకునే విశాఖవాసులు పిల్లలు ఆడుకునే గేమ్ కన్సోల్‌ను ఒకసారి పరిశీలించవచ్చు. డిస్క్ డ్రైవ్ ఉన్న కన్సోల్ ఇంట్లో ఉంటే చాలామందికి వేరే ప్లేయర్ అక్కర్లేదు. అయితే అది ఏ డిస్కును చదువుతుందో, దేన్ని చదవదో ముందుగా తెలుసుకోవాలి.

2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3, 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ మూడూ డీవీడీని, బ్లూరేను చదువుతాయి. మామూలు బ్లూరే కంటే స్పష్టమైన చిత్రం ఇచ్చే 4కే అల్ట్రా హెచ్‌డీ బ్లూరే కావాలంటే డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5 గానీ, డ్రైవ్ ఉన్న ఎక్స్‌బాక్స్ వన్ ఎస్, వన్ ఎక్స్, సిరీస్ ఎక్స్‌లలో ఒకటి గానీ ఉండాలి. ప్లేస్టేషన్ 4 ప్రో పేరులో ఎంత ఘనత ఉన్నా దాని డ్రైవ్ మామూలు బ్లూరేతోనే ఆగిపోతుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు, ప్లేస్టేషన్ 5 డిజిటల్ ఎడిషన్‌కు డ్రైవే లేదు. ప్లేస్టేషన్ 5 స్లిమ్‌కు డ్రైవ్‌ను విడిగా కొని తగిలించుకునే వీలుంది గానీ, తగిలించిన మొదటిసారి ఇంటర్నెట్ తప్పనిసరి. ఎక్స్‌బాక్స్‌లోనైతే బ్లూరే ప్లేయర్ యాప్‌ను స్టోర్ నుంచి ఉచితంగా దించుకునేదాకా డిస్క్ నడవదు.

టీవీకి కలిపేటప్పుడు కన్సోల్‌తో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్‌నే వాడటం మేలు. చాలా 4కే టీవీల్లో ఆ పోర్టుకు పూర్తి సామర్థ్యం ఇచ్చే సెట్టింగు వేరుగా ఉంటుంది. దాని పేరు ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా పెట్టుకుంది. అది ఆన్‌లో లేకపోతే అల్ట్రా హెచ్‌డీ డిస్క్ వేసినా హెచ్‌డీఆర్ (వెలుగునీడలను, రంగులను మరింత బాగా చూపే పద్ధతి) రాదు. కన్సోల్ కనబడగానే కొన్ని టీవీలు తమంతట తామే గేమ్ మోడ్‌లోకి మారిపోతాయి కనుక, సినిమా మొదలయ్యాక సినిమా మోడ్‌కో, ఫిల్మ్‌మేకర్ మోడ్‌కో మార్చి, కదలికలను నున్నగా చేసే సౌకర్యాన్ని ఆపివేయాలి. అది ఆన్‌లో ఉంటే సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమా టీవీ సీరియల్‌లా కనిపిస్తుంది.

ఎక్కువమంది నష్టపోయేది ధ్వని దగ్గర. టీవీ స్పీకర్లతోనే వినేవారు ఏ సెట్టింగునూ కదపనక్కర్లేదు. సౌండ్‌బార్ లేదా రిసీవర్ (విడి స్పీకర్లను నడిపే ఆడియో పెట్టె) ఉన్నవారు మాత్రం ప్లేస్టేషన్‌లో డిస్క్ నడుస్తుండగా ఆప్షన్స్ బటన్ నొక్కి, సెట్టింగుల్లో ఆడియో ఫార్మాట్‌ను లీనియర్ పీసీఎం (కన్సోలే విప్పి పంపే ధ్వని) నుంచి బిట్‌స్ట్రీమ్‌కు మార్చాలి. అప్పుడు డిస్కులోని డాల్బీ, డీటీఎస్ ధ్వని ఉన్నదున్నట్టుగా బయటికి వెళ్లి, దాన్ని విప్పే పని రిసీవర్ చేస్తుంది; డాల్బీ అట్మాస్ డిస్కుకు ఇది తప్పనిసరి. ఎక్స్‌బాక్స్‌లో ఇదే పనికి ధ్వని సెట్టింగుల్లో పాస్‌త్రూను అనుమతించాలి. సౌండ్‌బార్‌ను టీవీ ద్వారా కలిపినవారు ఒక పరిమితిని గుర్తుంచుకోవాలి: మామూలు ఏఆర్‌సీ పోర్టు (టీవీ నుంచి సౌండ్‌బార్‌కు ధ్వని పంపే హెచ్‌డీఎంఐ పోర్టు) గుండా డాల్బీ ట్రూహెచ్‌డీ వంటి నష్టం లేని ధ్వని ప్రవహించదు, అందుకు రెండు వైపులా దాని మెరుగైన రూపమైన ఈఏఆర్‌సీ ఉండాలి.

అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకు వస్తూ తెచ్చే డిస్కులతో రీజియన్ (డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో నడవాలో చెప్పే గుర్తు) చిక్కు ఎదురవుతుంది. డీవీడీల విషయంలో మన దేశం 5వ రీజియన్, అమెరికా 1వ రీజియన్. బ్లూరేల విషయంలో మనది సి, వారిది ఎ. ఇక్కడ కొన్న కన్సోల్ అక్కడి డిస్కును, అక్కడి నుంచి తెచ్చిన కన్సోల్ ఇక్కడి డిస్కును తిరస్కరించవచ్చు. అట్ట వెనుక ‘ఆల్’ అనో, సున్నా అనో ఉన్న డీవీడీకి ఈ బెడద లేదు. అల్ట్రా హెచ్‌డీ బ్లూరేలకు రీజియన్ పట్టింపే లేదు కనుక, తెమ్మని చెప్పేటప్పుడు ఆ రకమే చెప్పడం తెలివైన పని.

ఇక మన ఇళ్లలో అసలైన సరుకు పెళ్లి డిస్కులు. 2000 ప్రాంతంలో జరిగిన పెళ్లయితే అది వీసీడీ (సీడీపై ఎక్కించిన వీడియో) అయి ఉండే అవకాశం ఎక్కువ. మూడు గంటల తంతు రెండు మూడు డిస్కులుగా విడిపోయి ఉంటే దాదాపు అదే. ప్లేస్టేషన్ 4, 5 సీడీలను అసలు చదవవు, పాటల సీడీలు కూడా వాటిలో నడవవు. ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ ఎక్స్ పాటల సీడీని వినిపిస్తాయి గానీ వీసీడీని చూపవు. డిస్క్ డ్రైవ్ ఉన్న పాత కంప్యూటర్‌లో వీసీడీలోని వీడియో ఫైళ్లను (.DAT) కాపీ చేసి, ఎంపీ4గా మార్చి, పెన్‌డ్రైవ్‌తో నేరుగా టీవీలోనే చూసుకోవడం ఉత్తమం.

పెళ్లి వీడియో డీవీడీగా ఉంటే స్టూడియోవారు దాన్ని ఫైనలైజ్ చేసి (ఇతర ప్లేయర్లలో నడిచేలా రికార్డింగును ముగించి) ఉండాలి; చేయని డిస్కును కన్సోల్ గుర్తించకపోవచ్చు. వధూవరుల ఫొటోను కాగితంపై ముద్రించి డిస్కుపై అతికించి ఇచ్చే అలవాటు కొందరికి ఉంది. అటువంటి డిస్కును కన్సోల్ చీలికలోకి పంపకూడదు. మన తేమకు అంచు లేచిన కాగితం లోపలి వేడికి ఊడి రోలర్లకు అంటుకుంటే డిస్క్ బయటికి రాదు, డ్రైవ్ విప్పించవలసి వస్తుంది. హ్యాండీకామ్‌లలో వాడిన 8 సెంటీమీటర్ల చిన్న డిస్కులకూ ఇదే నిషేధం వర్తిస్తుంది. ఈ రెండింటినీ కంప్యూటర్ ట్రే డ్రైవ్‌లోనే కాపీ చేసుకోవాలి. చూసేటప్పుడు 4:3 చిత్రాన్ని టీవీ అంతా నిండేలా సాగదీయవద్దు. సాగదీస్తే జీలకర్ర బెల్లం పెట్టే వేళకు పెళ్లికొడుకు ముఖం గుమ్మడికాయ అవుతుంది. పక్కన నల్ల పట్టీలు ఉండనివ్వండి.

పెదవాల్తేరు, లాసన్స్ బే వంటి తీరప్రాంతాల ఇళ్లలో కన్సోల్ ఫ్యాను ఉప్పు గాలిని, తేమను రోజంతా లోపలికి లాగుతుంది. సముద్రం వైపు కిటికీకి దూరంగా, గాలి ఆడేందుకు నాలుగు వైపులా జాగా వదిలి పెట్టాలి. తలుపులున్న టీవీ స్టాండులో బంధించకూడదు. ఏసీ గదిలో చల్లబడిన కన్సోల్‌ను హాల్లోకి తెస్తే లోపలి కటకంపై ఆవిరి పడుతుంది, అది ఆరేదాకా ఆన్ చేయకుండా ఉండాలి. డిస్కుపై మరకలుంటే మెత్తని పొడిబట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు.

పెద్దలకు కంట్రోలర్ బటన్లు చికాకైతే, హెచ్‌డీఎంఐ డివైస్ లింక్‌ను ఆన్ చేసి టీవీ రిమోట్‌తోనే ఆపడం, నడపడం వీలవుతుందేమో చూడవచ్చు. లేదా ప్లేస్టేషన్ 5 మీడియా రిమోట్‌ను విడిగా కొనుక్కోవచ్చు. అది బ్లూటూత్‌తో పనిచేస్తుంది కాబట్టి కన్సోల్‌కు గురిపెట్టనక్కర్లేదు.