కలర్ ఇన్‌ఫ్రారెడ్ రోల్ వాడేముందు

ఏరోక్రోమ్ అంటే కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కూడా పట్టి, పచ్చని ఆకుల్ని ఎర్రగా చూపే కలర్ ఫిల్మ్. దాని తయారీని కొడాక్ ఎప్పుడో ఆపేసింది. మిగిలిన ఒక్కో రోల్ బంగారమే, కాబట్టి తొందర వద్దు.

□ ఫ్రీజర్‌లోంచి తీసిన డబ్బాను మూత తెరవకుండా కనీసం 2 గంటలు బయట ఉంచండి. ముందే తెరిస్తే ఫిల్మ్‌పై తేమ పడుతుంది.

□ 35 ఎంఎం రోల్‌ను పూర్తి చీకటిలోనే ఎక్కించాలి, దించాలి. క్యాసెట్ నోట్లోని ముఖమల్ అంచు ఇన్‌ఫ్రారెడ్‌ను పూర్తిగా ఆపదు. బయటికి వచ్చిన ఫిల్మ్ కొస కూడా కాంతిని లోపలికి మోసుకెళ్తుంది.

□ మీ కెమెరా ఫ్రేములను ఎలా లెక్కపెడుతుందో చూసుకోండి. కొన్ని ఆటోఫోకస్ మోడళ్లలో అందుకోసం ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ ఉంటుంది, అది ఫిల్మ్ అంచుల్ని పొగబారుస్తుంది. పాత మెకానికల్ కెమెరా నయం.

□ లెన్స్‌కు రాటెన్ 12 అనే పసుపు ఫిల్టర్ తప్పనిసరి. ఫిల్మ్‌లోని మూడు పొరలకూ నీలికాంతి తగులుతుంది, దాన్ని ఆపకపోతే ఆకులు ఎర్రబడవు.

□ అపెర్చర్ ఎఫ్/8, ఎక్స్‌పోజర్‌లో అర స్టాప్ తేడాతో ఒక్కో దృశ్యానికి మూడేసి ఫ్రేములు. ఇది స్లైడ్ ఫిల్మ్, తప్పును క్షమించదు.

□ ల్యాబ్‌కిచ్చే ముందు అడగండి: ఈ-6 (స్లైడ్ ఫిల్మ్ డెవలప్ చేసే పద్ధతి) మెషీన్‌లో ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లున్నాయా? ఉంటే ఇవ్వొద్దు. ఇంట్లోనైతే స్టీలు ట్యాంకు, మొదటి డెవలపర్ ద్రావణం 38 డిగ్రీలు.

పాత రోల్ రంగులు సయాన్ (నీలి-ఆకుపచ్చ) వైపు వాలితే ప్రాసెసింగ్‌ను నిందించకండి. ముందు చచ్చేది ఇన్‌ఫ్రారెడ్ పొరే.