బుల్‌బుల్ పిట్టల రక్తం తీసే ముందు

పిగిలి పిట్టకీ (ఇదీ ఒక బుల్‌బుల్ జాతే), ఎర్రమీసాల బుల్‌బుల్‌కీ మధ్య సంకరం జరిగిందేమో, అంటే రెండు జాతులూ జతకట్టి పిల్లల్ని కన్నాయేమో జన్యువుల్లో చూడాలంటే ముందు కాగితాలు సిద్ధంగా ఉండాలి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అనుమతి లేకుండా వల కట్టకూడదు.

వల: ఎండ ముదిరాక, వానలో, గాలి గట్టిగా వీచేటప్పుడు తెరిచి పెట్టొద్దు. 15–20 నిమిషాలకోసారి తప్పక చూడాలి. పొట్ట మీద ఈకలు రాలి చర్మం బయటపడిన పిట్ట పొదుగుతున్నదే. దాన్ని ముందు వదిలేయండి.

రక్తం: శరీర బరువులో 1 శాతం మించకూడదు. 30 గ్రాముల పిట్టకు అది 0.3 మి.లీ.; మనకు కావలసింది 20–50 మైక్రోలీటర్లే. పక్షుల ఎర్ర రక్తకణాల్లో డీఎన్ఏ ఉన్న కేంద్రకం ఉంటుంది కాబట్టి చుక్క చాలు. రెక్క సిరలో సన్న సూదితో గుచ్చి, తర్వాత దూదితో నిమిషం అదిమి పట్టాలి. హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) పూసిన గొట్టాలు వద్దు, అది పీసీఆర్‌ను, అంటే డీఎన్ఏ నకళ్లు తీసే పద్ధతిని అడ్డుకుంటుంది. రక్తాన్ని ఆల్కహాల్‌లో వేయగానే సీసా ఊపండి, లేకపోతే గడ్డకడుతుంది.

అసలు కొంప ముంచేది కలుషితం. అంతకుముందు పట్టిన పిట్ట రక్తం వేళ్లకు అంటుకుంటే స్వచ్ఛమైన పిట్ట కూడా సంకరంలా కనిపిస్తుంది. పిట్టకో కొత్త సూది, కొత్త చేతితొడుగులు. కాలి ఉంగరం సంఖ్య సీసా మీద పెన్సిల్‌తో రాయండి. ఆల్కహాల్ సిరాను కడిగేస్తుంది.

మైటోకాండ్రియా డీఎన్ఏ ఒక్కదాన్నే నమ్మొద్దు, అది తల్లి నుంచే వస్తుంది కాబట్టి తల్లి జాతినే చెబుతుంది. పోల్చి చూడడానికి రెండు జాతులూ కలవని చోట్ల నుంచి కూడా నమూనాలు ఉండాలి.